టీనా... కాఫీనా? జర్మన్‌లో ఊగిసలాట!

జనగామ జిల్లా చిల్పూర్ గుట్ట మీద కొలువైన స్వామి పేరు బుగులు వేంకటేశ్వరుడు. పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు ఎలా తీర్చాలా అన్న బెంగతో శ్రీనివాసుడు ఇక్కడికొచ్చి తపస్సు చేశాడని భక్తులు చెప్పుకుంటారు. బుగులంటే దిగులు, గుబులు. దేవుడికే తప్పని బుగులు... ‘ఎటూ తేల్చుకోలేకపోతున్నా’ అని పరాయి భాషలో చెప్పాల్సి వచ్చిన మనిషికి మాత్రం ఉండదా?

చదువుల కోసం, నర్సు ఉద్యోగాల కోసం జర్మనీ దారి పడుతున్న మనవాళ్లకు ఆ అవసరం బాగానే ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది. గోథె సంస్థ నిర్వహించే బీ1 పరీక్షలో ఇద్దరు అభ్యర్థులు ఎదురెదురుగా కూర్చుని ఏదో ఒక కార్యక్రమానికి ఏర్పాట్లు మాట్లాడుకోవాలి. ఎప్పుడు కలుద్దాం, ఏం తీసుకెళ్దాం, ఎలా వెళ్దాం... ఇలా! అక్కడ తేల్చుకోలేకపోతే ఫర్వాలేదు. తేల్చుకోలేకపోతున్నానని చెప్పలేకపోతేనే ఇబ్బంది.

అందుకు మొదట పనికొచ్చే వాక్యం ‘ఇష్ కాన్ మిష్ నిష్ట్ ఎంట్‌షైడెన్’. ఇందులో ‘మిష్’ అంటే నన్ను. నన్ను నేను తేల్చడమేమిటని ఇంగ్లిషు దారిలో వచ్చినవాళ్లు తికమకపడతారు. మనకు ఆ చిక్కు లేదు. ‘తేల్చు’ వేరు, ‘తేల్చుకొను’ వేరు కదా! మన ‘కొను’ చేసే పనే ఇక్కడ దాదాపుగా ఆ ‘మిష్’ చేస్తుంది.

రెండోది ‘ఇష్ ష్వాంకె’. ఊగుతున్నాను అని అర్థం. తెలుగులో ఊగిసలాట, డోలాయమానం అంటాం. వాళ్లకీ మనసు ఊయలే అన్నమాట! టీకీ కాఫీకీ మధ్య ఊగుతుంటే ‘త్స్విషెన్ టే ఉంట్ కఫే’ అనాలి. ‘ఉంట్’ అంటే మరియు, ‘ఓడర్’ అంటే లేదా. ఎంచుకునేది ఒక్కటే కదా అని ఇక్కడ ‘ఓడర్’ వాడేస్తుంటారు చాలామంది. అది తప్పు. వస్తువులు మూడైనా నాలుగైనా, చివరిదాని ముందు ‘ఉంట్’ రావాల్సిందే.

‘ఓడర్’కి చోటు మరో వాక్యంలో ఉంది. ‘ఇష్ వైస్ నిష్ట్, ఓప్ ఇష్ టే ఓడర్ కఫే నేమెన్ జోల్.’ టీ తీసుకోవాలో కాఫీ తీసుకోవాలో తెలియడం లేదని అర్థం. ‘ఓప్’ రాగానే క్రియ వాక్యం చివరికి పోతుంది. చివర్న క్రియ మనకు పుట్టింటి అలవాటే! ఆ ‘జోల్’ని మన ‘తీసుకోవాలో’లోని ‘ఆలో’ అనుకుంటే సగం వ్యాకరణం వచ్చేసినట్టే.

అసలు కష్టం వ్యాకరణంలో కాదు, మర్యాదలో ఉంది. ఎదుటివాళ్లను నొప్పించకూడదని మనం ‘చూద్దాంలెండి’ అంటాం, ‘సరే సరే’ అని తలూపుతాం. అటూ ఇటూ ఊపే ఆ తల అవునందో కాదందో మనవాళ్లకే ఒక్కోసారి అంతుపట్టదు! జర్మనీ ఆసుపత్రిలో ‘యా’ అంటే అవుననే లెక్క. మందు మోతాదు దగ్గర మొహమాటానికి ‘యా’ అంటే రోగి ప్రాణం మీదికొస్తుంది. అందుకే నర్సులకు అన్నిటికన్నా ముందు నోటికి రావాల్సినవి రెండు చిన్న వాక్యాలు: ‘ఇష్ బిన్ మియర్ నిష్ట్ జిషర్. ఇష్ ఫ్రాగె నాఖ్.’ అంటే, నాకు కచ్చితంగా తెలియదు, అడిగి చెబుతాను.

జర్మన్లంటే ముక్కుసూటి మనుషులు, వాళ్లకు ఊగిసలాట ఎక్కడిదంటారా? ‘వేర్ డీ వాల్ హాట్, హాట్ డీ క్వాల్’ అన్నది వాళ్ల సామెతే. ఎంచుకునే వీలున్నవాడికే యాతన అని! అంతేనా... అవునుకు ‘యా’, కాదుకు ‘నైన్’ అంటూనే, రెంటినీ కలిపి ‘యైన్’ అనే మాటొకటి పుట్టించుకున్నారు. అవునూ కాదూ అన్నమాట. వంటింట్లోంచి ‘ఇంకో దోసె వేయనా?’ అన్న కేక వినిపించినప్పుడు మనకూ పనికొచ్చేలా ఉంది!