గాలిలో కెమెరా, చేతిలో నిదానం



బళ్ళారి పక్క పల్లెల్లో కానీయండి, హొసూరు, కృష్ణగిరి ప్రాంతంలో కానీయండి, బరంపురం, పర్లాకిమిడి వైపు కానీయండి, ఇప్పుడు పెళ్ళి అంటే ఫోటోగ్రాఫరుతో పాటు నెత్తిమీద రొద చేస్తూ తిరిగే డ్రోను కూడా ఉంటోంది. పెళ్ళిళ్ళ సంగతి అలా ఉంచండి. పట్నాల్లో ఉద్యోగాలు చేసే మన కుర్రవాళ్ళు సరదాకి చిన్న డ్రోను కొనుక్కొని సెలవులకు ఊరికి తెస్తున్నారు. మంచిదే. చెరువు నిండి అలుగు పారుతున్నప్పుడో, మూతపడిన తెలుగు బడి కప్పు కూలకముందో ఒకసారి పైనుంచి వీడియో తీసి పెట్టుకుంటే, కొన్నాళ్ళకు చూపించడానికి అదొక్కటే మిగలవచ్చు. అలాంటి వీడియో చూడదగ్గట్టు రావాలి గదా!

ఆ మధ్య ఒక ఇంట్లో ఇటువంటి వీడియోనే టీవీలో వేశారు. చెరువుకట్ట ఉంది, చింతతోపు ఉంది, బడీ ఉంది. కానీ బొమ్మ నిలవడం లేదు. గిర్రున తిరుగుతుంది, గబుక్కున పైకి లేస్తుంది. రెండు నిమిషాలకే ఆ ఇంటి పెద్దావిడ, "ఆపు నాయనా, కళ్ళు తిరుగుతున్నాయి. మా బడి ఏదో పోల్చుకునేలోపే వెళ్ళిపోయింది" అంది. ఆమె అయిదో తరగతి దాకా చదివిన బడి అది. మనవడేమో యంత్రం నాసిరకందంటాడు. నిజానికి యంత్రం తప్పు అందులో పావు వంతు కూడా లేదు.

ఎందుకో చెబుతాను. డ్రోను వీడియోలో కుదుపు రెండు రకాలు. ఒకటి యంత్రపు వణుకు, రెండోది నడిపేవాడి తొందర. మొదటిదాన్ని తగ్గించే ఏర్పాటు డ్రోనులోనే ఉంటుంది. దాన్ని గింబల్ అంటారు. అదేమిటో తెలియాలంటే మీ పెరట్లో కోడిని రెండు చేతులా మెల్లిగా పట్టుకొని ఒళ్ళు ఇటూ అటూ కదిపి చూడండి. ఒళ్ళు కదులుతుంది గాని తల ఉన్నచోటనే నిలుస్తుంది. గింబల్ చేసే పనీ అలాంటిదే. డ్రోను ముందుకు వాలినా, పక్కకు ఒరిగినా, మెలి తిరిగినా, ఆ సంగతి సెన్సర్లు కనిపెట్టి చెబుతాయి. మూడు చిన్న మోటార్లు కెమెరాను అంతే మేర ఎదురు దిక్కుకు తిప్పుతాయి. సముద్రం మీద ఓడ ఊగుతున్నా దిక్సూచి పళ్ళెం మట్టంగా ఉండేలా వలయాల్లో వేలాడదీసేవారు. ఆ పాత ఉపాయానికి ఇప్పుడు మోటార్లు తగిలించారు, అంతే.

మరీ చౌక డ్రోన్లలో ఈ గింబల్ ఉండదు. బొమ్మ అంచులు కొంత కత్తిరించి, మిగిలిన భాగాన్ని ఇటూ అటూ జరిపి స్థిరంగా ఉన్నట్టు చూపిస్తాయి. ఎండలో పరవాలేదు. మసక వెలుతురులో మాత్రం ఒక్కొక్క బొమ్మా ముందే అలికినట్టు పడి ఉంటుంది కనుక, దాన్ని ఎంత జరిపినా లాభం ఉండదు. కొనేటప్పుడు "మూడు ఇరుసుల గింబల్ ఉందా?" అని అడగండి. పెట్టే ఖర్చులో ముందు దానికి చోటివ్వాలని నా అభిప్రాయం. ఫోర్‌కే, సిక్స్‌కే అనే అంకెల సంగతి ఆ తర్వాత.

గింబల్ కూడా ఆపలేని వణుకు ఒకటుంది. రెక్క అంచు చిట్లినా, కొంచెం వంగినా, అది నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది కాబట్టి సన్నని వణుకు పుడుతుంది. కెమెరా లోపలి పలక బొమ్మను ఒక్కసారిగా పట్టదు. చాప అల్లినట్టు పైనుంచి కిందికి వరుస తరువాత వరుసగా చదువుతుంది. ఆ మధ్యలో వణికితే ఒక్కొక్క వరుస ఒక్కొక్క చోట పడుతుంది. అప్పుడు బడి గోడ పళ్ళెంలో జెల్లీలాగా అల్లాడుతూ కనిపిస్తుంది. ఇంటికొచ్చి కంప్యూటరులో దాన్ని సరిచేయడం చాలా కష్టం. రెక్కలు మార్చడం దానికంటే చౌక. ఎగరేసే ముందు ప్రతి రెక్క అంచునూ గోరుతో తడిమి చూడండి. గింబల్‌ను పట్టి ఉంచే చిన్న రబ్బరు దిండ్లు చిరిగాయేమో కూడా చూడండి.

ఇక నడిపేవాడి తొందర. నిదానం అనే మాట మనకు తెలుసు. కన్నడంలో నిధాన అంటారు, తమిళంలోనూ నిదానమే. బరంపురం వారు ధీరే ధీరే అంటారు. మరాఠీలో మాత్రం నిదాన్ అంటే కనీసం అని అర్థం, కాబట్టి నాందేడు శ్రోతలు పొరబడకూడదు! ఈ నిదానాన్ని గింబల్ మీకు ఇవ్వలేదు. మీరు స్టిక్కును గబుక్కున నెడితే, అది మీ ఆజ్ఞ అనుకొని కెమెరానూ గబుక్కున తిప్పుతుంది.

అన్నిటికంటే ఎక్కువ పాడుచేసేది పక్కకు తిప్పడం. దీనికి ఛాయాగ్రాహకులు పాటించే ఒక కొలత ఉంది. తెర ఒక అంచున కనిపించిన వస్తువు రెండో అంచు దాటిపోవడానికి సుమారు 7 సెకన్లు పట్టాలి. మామూలు డ్రోను కెమెరా ఒకేసారి 70 డిగ్రీలకు పైగా చూస్తుంది. అంటే సెకనుకు 10 డిగ్రీలు, ఒక పూర్తి చుట్టుకు అర నిమిషం పైమాటే. ఎగరేసేవాడికి అది నత్తనడకలా తోస్తుంది. చూసేవాళ్ళకు సరిగ్గా ఉంటుంది. చాలా డ్రోన్లలో "సినీ" అనో "ట్రైపాడ్" అనో ఒక పద్ధతి ఉంటుంది. అది పెడితే స్టిక్కు ఎంత నెట్టినా యంత్రం మెల్లిగానే కదులుతుంది. నేర్చుకునే రోజుల్లో వీడియో అంతా దానిలోనే తీయండి. స్టిక్కును ఒక వేలితో తోయకుండా బొటనవేలు, చూపుడువేలు రెంటితో గిల్లినట్టు పట్టుకుంటే ఇంకా మేలు. మొదట్లో ఒక్క కదలికే చేయండి. ముందుకైతే ముందుకు, పైకైతే పైకి. అది సాఫీగా వచ్చాక రెంటినీ కలపవచ్చు.

గాలి విషయం. నేల మీద ఆకు కదలకపోయినా పైన గాలి ఉంటుంది. తాటిచెట్టు మొవ్వు చూడండి, ఎగిరే గాలిపటం ఉంటే దాన్ని చూడండి. ఎండ ఎక్కేకొద్దీ వేడిగాలి నేలనుంచి పైకి లేచి డ్రోనును తోస్తుంది. సాధారణంగా తెల్లవారిన తర్వాత గంటా రెండు గంటల లోపు గాలి నెమ్మదిగా ఉంటుంది, నీడలు పొడుగ్గా పడి బొమ్మా అందంగా వస్తుంది. గాలి మరీ బలంగా ఉంటే డ్రోను దానికి ఎదురుగా బాగా వాలుతుంది. గింబల్ తిరగగలిగిన హద్దు దాటుతుంది. అప్పుడు చెరువు నీటి అంచు ఏటవాలుగా కనిపిస్తుంది, పై మూలల్లో రెక్కలు తొంగిచూస్తాయి. అది కనిపించిందంటే ఆనాటికి దించేయడమే.

వెలుతురు గురించి లెక్కల మాస్టారులా కొంచెం చెప్పనివ్వండి. మన దేశంలో వీడియోకు సెకనుకు 25 బొమ్మలు అలవాటు. కదలిక కంటికి సాఫీగా అనిపించాలంటే కెమెరా తలుపు ఒక్కొక్క బొమ్మకు సెకనులో 50వ వంతు తెరిచి ఉండాలి. కానీ నడి ఎండలో ఎఫ్ 2.8 కటకానికి అంతసేపు అక్కరలేదు. అది సెకనులో 3200వ వంతులోనే మూసేస్తుంది. అప్పుడు ప్రతి బొమ్మా కత్తితో కోసినంత స్పష్టంగా వచ్చి, కదలిక మాత్రం ముక్కలు ముక్కలుగా తగులుతుంది. దీన్ని చాలామంది కుదుపనుకొని గింబల్‌ను తిడతారు. మందు చాలా చిన్నది. ఎన్.డి. ఫిల్టరు అనే నల్లద్దం, అంటే కెమెరాకు చలువ కళ్ళద్దాలు. 64 సంఖ్య గలది 64లో ఒక వంతు వెలుతురునే లోపలికి పంపుతుంది. 3200ను 64తో భాగిస్తే 50. లెక్క సరిపోయింది. తెల్లవారుజామున 16 సంఖ్యది చాలు. రాత్రి జాతర దీపాల దగ్గర ఫిల్టరు తీసేయండి. 50వ వంతు మాత్రం అలాగే ఉంచండి. మన కరెంటు 50 సైకిళ్ళది కనుక దీపాలు మినుకుమినుకుమనే బెడద తప్పుతుంది. వెలుతురు కొలతనూ రంగు కొలతనూ ముందే కట్టేయడం మరవకండి. లేకపోతే తెల్లగోడ ఎదురైనప్పుడల్లా బొమ్మ దానంతట అదే నల్లబడుతుంది.

చెరువు మీద ఎగరేసేవారికి ఒక హెచ్చరిక. డ్రోను కింది కెమెరా నేలను చూసుకుంటూ ఉన్నచోట నిలబడుతుంది. అలలు చూసి అది నేలే కదులుతోందని భ్రమపడవచ్చు. నీటికి కనీసం కొన్ని మీటర్ల పైనే ఉండండి. మిద్దె మీదనుంచి లేపేటప్పుడు స్లాబులోని ఇనుప కడ్డీలు దిక్సూచిని తికమక పెడతాయి. బడి మైదానంలో ఒక గోనెపట్టా పరిచి అక్కడనుంచి లేపండి, దుమ్ము కూడా కటకం మీద పడదు. బ్యాటరీ 30 శాతానికి దిగేసరికి వెనక్కి రావాలి. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి తగలవచ్చు.

నిబంధనల మాట క్లుప్తంగా. 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం ఆకుపచ్చ మండలంలో 400 అడుగులు, అంటే 120 మీటర్ల దాకా ఎగరేయవచ్చు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్యన అయితే 200 అడుగులే. అంతకంటే దగ్గరైతే అనుమతి కావాలి. ఇవి కేంద్రం నిబంధనలు కనుక రాష్ట్రం హద్దు దాటినా మారవు. జాతర, సభలప్పుడు పోలీసువారు తాత్కాలికంగా నిషేధించే వీలుంది. స్టేషనులో అడిగి తెలుసుకోండి. అనుమతి ఉన్నా జనం నెత్తిమీద, పిల్లల మీద ఎగరేయకండి. అసలు మంచి బొమ్మలు 20, 30 మీటర్ల ఎత్తులోనే వస్తాయి. ఇంకా పైకి పోతే బడి అగ్గిపెట్టె అవుతుంది.

ఆ పెద్దావిడ బడినే తీయాలనుకోండి. ఉదయాన్నే మైదానం చివర లేపి, 15 మీటర్ల ఎత్తులో డ్రోనును నిలపండి. రికార్డు నొక్కి అయిదు సెకన్లు ఏమీ కదపకండి. తరువాత మెల్లిగా ముందుకు, గుమ్మం వైపు. వాకిలి మీది తెలుగు అక్షరాలు చదవగలిగేటంత దగ్గరకు వచ్చాక ఆపి, మరో అయిదు సెకన్లు ఆగండి. రెండోసారి అదే దారిలో వెనక్కి జరుగుతూ, పైకి లేస్తూ, బడి వెనక చెరువు కనబడేదాకా. ఈ రెండూ చాలు. దించాక అక్కడే కార్డు తీసి, ఆ బొమ్మ ఫోనులోకి వచ్చిందో లేదో చూసుకొని, ఇంటికి వెళ్ళగానే ఇంకోచోట కూడా దాచిపెట్టండి.