ఇనుముకు ఉప్పు తగలకుండా

అమ్మలూ, సూర్యలంక దగ్గర సముద్రం కనబడేట్టు కాంక్రీటు ఇల్లు కట్టుకుంటానన్నావు. చాలా సంతోషం. ముందు ఒక్కటి చెప్పు: మీ నాయనమ్మ ఆవకాయ జాడీలో ఇనుప గరిటె ఎందుకు పెట్టనివ్వదు? ఉప్పు తగిలితే ఇనుము తుప్పు పడుతుందని. కడలి పక్కన ఇంటికీ అదే చిక్కు.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అల విరిగినప్పుడు లేచే తుంపరను గాలి మోసుకొచ్చి గోడలకు పూస్తుంది. కాంక్రీటుకు సున్నంలాంటి క్షారగుణం ఉంది. దానివల్ల లోపలి ఊచ చుట్టూ కంటికి ఆనని పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. ఉప్పులోని క్లోరైడు సన్నటి రంధ్రాల్లోంచి దూరి ఆ పొరను చెరుపుతుంది. తుప్పుకు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు కావాలి. అందుకే కాంక్రీటు పగిలి, స్లాబు పెచ్చులూడుతుంది.

తెనాలిలో మన డాబా కట్టినట్టు అక్కడ కడితే చాలదు. ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం తీరపు గాలి తగిలే భాగాలకు కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు వాడాలి, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. నేరుగా తుంపర పడేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు. 50 కిలోల సిమెంటు బస్తాకు ఇసుక తడితో కలిపి 22.5 లీటర్ల నీళ్లు మించకూడదు. జారుగా ఉంటే పోయడం తేలికే కానీ, ఎక్కువైన నీరు ఆరిపోయి ఉప్పుకు దారులు మిగులుస్తుంది. ఉప్పునీరు, కడగని సముద్రపు ఇసుక అసలు వద్దు. పోశాక పది రోజులైనా తడుపుతూనే ఉండాలి.

ఇక గాలీ, నీరూ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమతోపాటు రేపల్లె, బాపట్ల తీరాన్నీ ముంచింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఈ తీరంలో సెకనుకు 50 మీటర్ల గాలిని, అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగాన్ని లెక్కలోకి తీసుకుని డిజైను చేస్తారు. ఉప్పెన నీరు కిందినుంచి పోయేట్టు ఇంటిని స్తంభాల మీద ఎత్తించు, కింద ఖాళీగా వదిలెయ్యి. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్లలోపు స్థలమైతే తీర నియంత్రణ అనుమతి లేకుండా పునాది తవ్వించకు.

స్లాబు పోసే రోజు నాకు కబురు పెట్టు తల్లీ. కవర్ బ్లాకుల మీద ఊచలు సరిగ్గా కూర్చున్నాయో లేదో ఇద్దరం టేపు పెట్టి కొలిచాకే మేస్త్రిని పొయ్యమందాం.