ఎర్ర బటన్ నొక్కితే చాలదా?

మోటారు ఆపడానికి స్టార్టరులో ఎర్ర బటన్ ఉంది. మరి స్టార్టరుకు ముందు విడిగా ఐసొలేటర్ ఎందుకు, అదనపు ఖర్చు కాదా? పర్చూరు, ప్రత్తిపాడు వైపు బోరు కింద మిర్చి వేసే రైతుకు ఈ అనుమానం రావడం సహజం.

ఎర్ర బటన్ మోటారును ఆపుతుంది, అంతే. లోపల కాంటాక్టరు తెరుచుకున్నా, దాని పైవైపు కొసల్లో కరెంటు అలాగే ఉంటుంది. ఏళ్ల తరబడి రవ్వలు రేగి కాలిన కాంటాక్టులు ఒక్కోసారి అతుక్కుపోతాయి. రెండు ఫేజులు తెగి మూడోది మిగిలితే మోటారు తిరగదు గానీ, దాని తీగ ముట్టుకుంటే మనిషి మిగలడు.

మన పొలాల్లో దీనికి తోడు ఆటో స్టార్టరు. వ్యవసాయానికి త్రీఫేజు కరెంటు రోజంతా ఉండదు, వచ్చేది 9 గంటలు. అది రాగానే మోటారు దానంతటదే తిరగాలని ఎంతోమంది ఆటో పెట్టించుకున్నారు. కరెంటు లేదు కదా అని పంపు విప్పుతున్న మనిషికి, అది ఏ క్షణాన వస్తుందో ఎవరు చెప్పాలి? ఐసొలేటర్ ఆ మనిషి కోసం. మూడు ఫేజులనూ ఒక్కసారే విడదీసి, మధ్యలో నమ్మదగినంత ఖాళీ ఉంచుతుంది. పిడి ఆఫ్‌లో ఉండగా తాళం వేసుకునే వీలున్నదే కొనండి. తాళంచెవి పని చేసేవాడి జేబులోనే ఉండాలి.

అయితే ఐసొలేటర్ మోటారును కాపాడదు. షార్టయితే తెంచడం ఫ్యూజు లేదా ఎంసీబీ పని, ఓవర్‌లోడును చూసుకోవడం స్టార్టరులోని రిలే పని. ఒంట్లోంచి లీకయ్యే కరెంటును పసిగట్టేది ఆర్‌సీసీబీ. ఇంటికి 30 మిల్లీఆంపియర్లది వేస్తారు. ఒకటి ఉంది కదా అని రెండోది మానుకుంటే, ఆ రెండో పని ఎవరూ చేయనట్టే.

ఎంత సైజు కొనాలి? 5 హార్స్‌పవర్ త్రీఫేజు మోటారు 415 వోల్టుల దగ్గర సుమారు 7 నుంచి 8 ఆంపియర్లు లాగుతుంది. నేరుగా స్టార్ట్ చేస్తే మొదటి క్షణాల్లో దానికి ఆరేడు రెట్లు. లైను చివర వోల్టేజి పడిపోతే నడిచేటప్పుడు కూడా ఎక్కువే లాగుతుంది. అందుకని పెట్టె మీది పెద్ద అంకెను చూసి మోసపోవద్దు. 32 ఆంపియర్లు అని ఉన్న స్విచ్చి, హీటరులాంటి లోడుకు వర్తించే ఏసీ-21 తరగతిలో మాత్రమే అంత మోయవచ్చు. మోటారుకు చూడాల్సింది ఏసీ-23 ఎదురుగా ఉన్న అంకె. చాలా స్విచ్చిలకు అది తక్కువగా ఉంటుంది. ఏసీ-20 అని మాత్రమే ఉంటే దాన్ని లోడు మీద లాగకూడదు. ఎంసీబీలో సీ రకం తన రేటింగుకు 5 నుంచి 10 రెట్ల దగ్గర వెంటనే పడుతుంది, డీ రకం 10 నుంచి 20 రెట్ల దగ్గర. మోటారు స్టార్టయ్యే ప్రతిసారీ సీ రకం పడిపోతుంటే డీ రకం అడగండి. అంతేగాని పడుతోందని ఎంసీబీ తీసేసి నేరుగా తీగ కలపడం ఆత్మహత్యతో సమానం.

ఇక దుమ్ము. గణపవరం, చిలకలూరిపేట చుట్టుపక్కల జిన్నింగు మిల్లుల్లో పత్తి నూగు స్విచ్చిబోర్డుల మీద పేరుకుంటుంది. మూత తెరిచి ఉన్న స్విచ్చిలోంచి ఒక్క రవ్వ రాలితే చాలు, పత్తి అంటుకుంటుంది. కారం మిల్లులో పొడి జిడ్డుగా కాంటాక్టుల మీద పట్టేస్తుంది. ఇలాంటి చోట్ల ఐపీ తర్వాత మొదటి అంకె 6 ఉన్న పెట్టె తీసుకోవాలి. దుమ్ము లోపలికి పోదు. కేబులు వచ్చే రంధ్రం బిగించకుండా వదిలేస్తే మాత్రం ఆ 6కు విలువ లేదు. చీరాల, బాపట్ల తీరాన ఉప్పుగాలికి ఇనుప డబ్బా తుప్పు పడుతుంది, పాలీకార్బొనేటు మేలు.

మిర్చి నిల్వ చేసే కోల్డు స్టోరేజీల్లో జనరేటరు తప్పదు. దాన్ని మెయినుతో కలిపేది మధ్యలో ఆఫ్ ఉన్న నాలుగు పోళ్ల చేంజోవర్ స్విచ్చే కావాలి. లేకుంటే జనరేటరు కరెంటు లైనులోకి ఎదురెక్కి, ట్రాన్స్‌ఫార్మరులో 11 వేల వోల్టులుగా మారి, స్తంభం మీదున్న లైన్‌మన్‌ను చంపుతుంది. సోలారు పంపుకు డీసీ ఐసొలేటరే వేయాలి. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్చి తెరిచినప్పుడు లేచే నిప్పు ఆరుతుంది, డీసీకి ఆ విరామం లేదు.

ఇదంతా మీ మీటరు ఇవతలి సంగతి. ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె దగ్గరి ఏబీ స్విచ్చి మీది కాదు. దాన్ని లాగినా మూడు బ్లేడ్లలో ఒకటి ఊడకుండా ఉండిపోవచ్చు. ఫ్యూజు పోయిందని దాన్ని లాగి మీరే ట్రాన్స్‌ఫార్మరు ఎక్కకండి. నీళ్లకు ఒక పూట ఆలస్యమైనా సరే, 1912కు ఫోన్ చేసి లైన్‌మన్ వచ్చేదాకా ఆగండి.