టీ గ్లాసంత కడుపు, గుప్పెడు బుడ్డలు

శ్రీశైలంలో సత్రం భోజనానికి పంక్తిలో కూర్చుంటే వడ్డనకూ తినడానికీ నడుమ సందు దొరకదు. విస్తట్లో అన్నం, పప్పు పడీ పడకముందే సాంబారు బకెట్టు వస్తుంది, దాని వెనకే మజ్జిగ. తర్వాతి పంక్తివాళ్లు తలుపు దగ్గర కాచుకుని ఉంటారు. బరువు తగ్గడానికి కడుపుకు ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఆ వరుసలో కూర్చుంటే, నలుగురితోపాటు తినబోయిన నాలుగో ముద్దకే గుండె కింద పట్టేసినట్టవుతుంది. ఆగకపోతే వాంతి.

ఎందుకంటే ఆ కడుపు ఇప్పుడు వేరు. మామూలు కడుపు సాగి లీటరు దాకా పట్టుకుంటుంది. స్లీవ్ ఆపరేషన్‌లో అందులో ముప్పాతిక భాగం కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండులాంటి గొట్టం. అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుడు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యేది కోసేసిన ఆ భాగంలోనే. జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా 1999లో కనుక్కున్న హార్మోను ఇది. అది తగ్గిపోవడంతో తొలి నెలల్లో తినాలనే అనిపించదు. బరువు చకచకా దిగుతుంది.

అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. స్వీడన్‌లో 1987 నుంచి బరువు తగ్గే ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. వాళ్లలో కడుపును నేరుగా చిన్నపేగుకు కలిపే బైపాస్ అనే మరో రకం ఆపరేషన్ అయినవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లు గడిచేసరికి అది 25 శాతానికి వచ్చింది. ఆపరేషన్ వృథా కాలేదు, కానీ పోయిన బరువులో కొంత తిరిగొచ్చింది. మనిషి మనిషికీ తేడా కూడా చాలా ఉంటుంది. ఆ తేడాలో ఒక భాగం తినే తీరుది.

శ్రీశైలం నుంచి కర్నూలు బస్సెక్కండి. ఘాట్ దిగి దోర్నాల, ఆత్మకూరు మీదుగా గంటల ప్రయాణం. చేతిలో వేయించిన బుడ్డల (వేరుశనగల) పొట్లం. రెండు నోట్లో వేసుకుంటారు, కిటికీలోంచి నల్లమల చూస్తారు, మళ్లీ రెండు. కడుపు ఒక్కసారి కూడా నిండదు, కాబట్టి చాలని చెప్పదు. కర్నూలు చేరేసరికి 100 గ్రాముల పొట్లం ఖాళీ. అంటే 550 కేలరీలకు పైమాటే. టీ గ్లాసంత కడుపు ఒక్క పూటలో ఎంత తినాలో కట్టడి చేయగలదు, రోజుకు ఎన్నిసార్లు తినాలో కట్టడి చేయలేదు. ఆపరేషన్ తర్వాత బరువు తిరిగి పెరగడానికి పరిశోధకులు పదేపదే వేలెత్తి చూపే అలవాటు ఇదే: ఆకలి లేకున్నా రోజంతా కొంచెం కొంచెం నోరాడించడం. బిస్కెట్లు, బొరుగుల మిక్స్చరు, తీపి టీ గొట్టంలాంటి కడుపులోంచి సులువుగా జారిపోతాయి. కోడిగుడ్డు, గట్టి పప్పు, శనగలు అలా జారవు, నిలిచి కడుపు నింపుతాయి. ముందు వాటిని తిని తర్వాత అన్నం ముట్టమని వైద్యులు చెప్పేది అందుకే.

మనవైపు ఇంకో చిక్కుంది. సంగటి ముద్దను నమలం, పులుసులో ముంచి మింగుతాం. పుట్టినప్పటి నుంచి గొంతుకు అలవాటైన పని అది. సన్నబడిన కడుపులో ఆ ముద్ద ఇరుక్కుంటుంది. కావాలంటే శనగగింజంత తుంచుకుని, నమిలి, ఒక పూటకు అరగంట కేటాయించి తినాలి. భోజనంతోపాటు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. జొన్నరొట్టె తిన్నా అంతే, మెత్తగా నమిలాకే మింగాలి. బైపాస్ అయినవాళ్లు తీపి దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి. లడ్డు మొత్తం తింటే చక్కెర నేరుగా చిన్నపేగులోకి దూకి అరగంటలోపే చెమటలు, గుండెదడ, కడుపునొప్పి రావచ్చు. ప్రసాదం కళ్లకద్దుకుని చిటికెడు చాలు.

నన్ను బాధపెట్టే మాట ఒకటుంది: ‘అంత డబ్బు పోసి కోయించుకుని మళ్లీ తింటోంది.’ ఆపరేషన్‌కు ముందు ఆపుకోలేని తిండి బాధ ఉన్నవాళ్లలో కొందరికి అది తర్వాత వేషం మార్చుకుని తిరిగొస్తుంది. అప్పట్లో పళ్లెం నిండా తినేవాళ్లు ఇప్పుడు నాలుగు పలుకులే తింటారు, కానీ చేయి ఆగదు. అది బలహీనత అని తిట్టాల్సింది కాదు, వైద్యం అందాల్సిన బాధ. ఆపరేషన్‌కు ముందు ఏముందన్న దానికన్నా తర్వాత తిరిగి తలెత్తిన ఈ తీరే బరువుకు ఎక్కువ ముడిపడి ఉంటుంది. కాబట్టి ఏడాది దాటాక, అంతా బాగుందనుకుని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసే సమయంలోనే, ఆహార నిపుణులతోనూ, అవసరమైతే మానసిక నిపుణులతోనూ మాట్లాడాలి. వెళ్లేటప్పుడు వారం రోజులు తిన్నదంతా రాసిన నోటుపుస్తకం పట్టుకెళ్లాలి. అందులో మూడు పూటల భోజనమే కాదు, దోర్నాల నుంచి ఆత్మకూరు దాకా నమిలిన బుడ్డలు కూడా ఉండాలి.