మూగబోయిన బోర్డుకు మూడు తీగలు

అరచేతిలో ఇమిడే బోర్డు. కరెంటు ఇస్తే ఎర్ర దీపం వెలుగుతున్నది. టీవీకి తగిలిస్తే మాత్రం బొమ్మ లేదు, వైఫైలో జాడ లేదు. ఇక పోయిందనుకుని అటక మీద పడేసేవారే ఎక్కువ. చాలాసార్లు బోర్డుకు ఏమీ కాదు. తన బాధ అది చెప్పుకుంటూనే ఉంటుంది. వినే తీగ తగిలించినవారే ఉండరు.

ఆ తీగే సీరియల్ కన్సోల్ కేబుల్. ఒక కొస కంప్యూటరు యూఎస్‌బీలోకి పోతుంది. రెండో కొసన నాలుగు రంగుల వైర్లు ఉంటాయి. బోర్డు ఖరీదు వేలల్లో ఉంటే దీని ఖరీదు వందల్లోనే.

పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ విద్యార్థులకు బాగా తెలిసిన రాస్ప్‌బెర్రీ పై బోర్డునే తీసుకుందాం. ఇది 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండులో అమ్మకానికి వచ్చింది. 2014 నుంచి వస్తున్న పెద్ద బోర్డుల మీద రెండు వరుసలుగా 40 పిన్నులు ఉంటాయి. బోర్డు అంచు వైపు వరుసను, ఒకటో నెంబరు పిన్ను ఉన్న మూల నుంచి లెక్కపెట్టాలి. మొదటి రెండూ 5 వోల్టుల కరెంటు. మూడోది గ్రౌండు. నాలుగోది బోర్డు మాట్లాడే నోరు, ఐదోది వినే చెవి.

నల్ల వైరు గ్రౌండుకు తగిలించాలి. ఆ తర్వాతే చాలామంది తికమక పడతారు. ఒకరి నోరు రెండోవారి చెవికి చేరాలి గదా! కనుక కేబుల్ వినే వైరు బోర్డు నోటికి, కేబుల్ మాట్లాడే వైరు బోర్డు చెవికి పోవాలి. సాధారణంగా దొరికే కేబుళ్లలో తెల్లది వినేది, ఆకుపచ్చది మాట్లాడేది. అన్ని కంపెనీల రంగులూ ఒకటి కావు. కేబుల్‌తో వచ్చిన కాగితం చూసుకోవాలి. త్రీఫేజ్ మోటారుకు రెండు ఫేజులు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. ఇక్కడ ఈ రెండు వైర్లు తారుమారైతే మామూలుగా నష్టమేమీ ఉండదు, తెర మీద అక్షరం పడదు, అంతే.

నష్టమంతా ఎర్ర వైరుతోనే. అది 5 వోల్టుల కరెంటు. బోర్డుకు విడిగా ఛార్జరు ఉన్నప్పుడు దీన్ని ఎక్కడా తగిలించకుండా, కొసకు టేపు చుట్టి వదిలేయాలి. బోర్డు నోరూ చెవీ తట్టుకునేది 3.3 వోల్టులే. 5 వోల్టులు తగిలితే చిప్పు కాలిపోవచ్చు. ఒక్క పిన్ను లెక్క తప్పి నల్ల వైరు రెండో పిన్నుకు పడినా షార్టే. అందుకే వైర్లు తగిలించేది కరెంటు తీసేశాకనే.

పాత కంప్యూటర్ల వెనుక ఉండే తొమ్మిది పిన్నుల సీరియల్ సాకెట్టు నుంచి నేరుగా వైరు లాగడం మరీ ప్రమాదం. అది 1960లో అమెరికాలో వచ్చిన ఆర్‌ఎస్-232 పద్ధతిలో పనిచేస్తుంది. అందులో 15 వోల్టుల దాకా, ప్లస్సూ మైనస్సూ రెండూ వస్తాయి. పేరు సీరియలే అయినా ఆ సాకెట్టు వేరు, ఈ పిన్నులు వేరు. కేబుల్ కొనేటప్పుడు 3.3 వోల్టులదేనా అని అడిగి తీసుకోవాలి.

ఇక కంప్యూటరులో పుట్టీ వంటి ప్రోగ్రాం తెరిచి, వేగం 1,15,200 అని ఇవ్వాలి. అక్షరానికి పది బిట్లు పడతాయి కనుక సెకనుకు 11,520 అక్షరాలు రాగలవన్నమాట. వేగం తేడాగా ఇస్తే తెర నిండా పిచ్చి గీతలే. బోర్డు మెమరీ కార్డులోని అమరికల్లో సీరియల్ కన్సోల్‌ను ముందే ఆన్ చేసి ఉంచాలి. కొత్త బోర్డుల్లో చాలావాటికి అది మొదట మూసి ఉంటుంది.

అప్పుడు బోర్డుకు కరెంటు ఇస్తే వరుసలు జలజలా దిగుతాయి. చివరకు లాగిన్ అడిగితే బోర్డు బాగున్నట్టే, తెరదో వైఫైదో లోపం. మధ్యలో ఆగి, రూట్ దొరకలేదని రాస్తే అనుమానించవలసింది మెమరీ కార్డును. కార్డు తిరిగి రాసి గానీ మార్చి గానీ చూడవచ్చు. ఏమీ రాకపోతే కరెంటు తీసి, తెలుపు, ఆకుపచ్చ వైర్లు అటుదిటు మార్చి, ఎంటరు మీట ఒకసారి నొక్కి చూడాలి.