పెద్దవారిని ఏ మాటతో పిలుద్దాం?



మార్కాపురం, గిద్దలూరు వైపు పల్లెల్లో పెద్దవారిని అవ్వా, తాతా, పెద్దాయనా అని నోరారా పిలుస్తాం. కాని ఆసుపత్రికి వచ్చేసరికి చదువుకున్న పిల్లలు ఇంగ్లీషులోకి దిగుతారు. "ఓల్డ్ లేడీ సిస్టర్, సెనైల్ అయిపోయింది" అని ఆమె మంచం పక్కనే నిలబడి చెబుతారు. ఆమెకు ఇంగ్లీషు రాకపోయినా గొంతును బట్టి విషయం తెలిసిపోతుంది. తరువాత మేము ఎక్కడ నొప్పి అని అడిగితే "ఏం లేదులేమ్మా" అని గోడవైపు తిరుగుతుంది.

మరి ఏ మాట వాడాలి? "సీనియర్ సిటిజన్" మర్యాదైన మాట. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం 60 ఏళ్లు నిండినవారిని అలాగే పేర్కొన్నది. డాక్టర్లు వాడే "ఎల్డర్లీ" కూడా తప్పు కాదు. ఐక్యరాజ్యసమితి అక్టోబరు 1న జరిపే దినానికి "ఓల్డర్ పర్సన్స్" అనే మాట పెట్టుకున్నది. అందులో "మనకన్నా పెద్దవారు" అనే అర్థం ఉన్నది. "ఎల్డర్" అంటే మాత్రం మన సంఘాల్లో సంఘపెద్ద అనుకుంటారు. అన్నిటికన్నా మేలైనది పేరు, చివర "గారు", పక్కన వయస్సు.

"సెనైల్" అనే మాటను మాత్రం పూర్తిగా మానండి. అది మర్యాద లేని మాటే కాదు, జబ్బును దాచే మాట కూడా. మొన్నటిదాకా బాగున్నవారు ఒకటి రెండు రోజుల్లో తికమకగా మాట్లాడితే అది వయస్సు వల్ల అనుకోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షను, ఒంట్లో నీరు గాని సోడియం గాని తగ్గడం, షుగరు పడిపోవడం, కొత్తగా వేసుకున్న మందు కారణం కావచ్చు. వెంటనే తీసుకొనివస్తే చాలామంది కోలుకుంటారు. అలాగే నడుము బిగుసుకుంటే "ఓల్డ్ ఏజ్" అని వదిలేయకండి. మన ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. అది కూడా నడుమును బిగిస్తుంది.

కాబట్టి డాక్టరుగారికి పేరు పెట్టి చెప్పకండి, జరిగింది చెప్పండి. "మొన్నటి నుండి మనుషులను గుర్తుపట్టడం లేదు, మూత్రం తక్కువగా వస్తున్నది" అంటే చాలు.

పని తొందరలో మేము కూడా "మూడో మంచం ముసలామె" అంటూ ఉంటాము. ఇప్పుడు దిద్దుకుంటున్నాము. పెద్దవారిని ఘనపరచమని లేవీయకాండము 19:32 మనకు నేర్పుతున్నది గదా. దేవుడు మీ ఇంటి పెద్దలను దీవించును గాక.