కుంచె పట్టిన చెయ్యి, తుపాకి పట్టిన చెయ్యి

సైనికుడు వేరు, చిత్రకారుడు వేరు, రాజకీయ నాయకుడు వేరు అని మనం అనుకుంటాం. ఈ మూడు వేషాలూ ఒక్క మనిషే కడితే ఎలా ఉంటుందో తెలియాలంటే న్యూజీలాండ్ చరిత్ర తిరగెయ్యాలి. అలా తిరగేస్తూ నేను ఆగిపోయిన పేరు చార్లెస్ హీఫీ.

హీఫీ 1820లో లండన్‌లో ఒక చిత్రకారుడి ఇంట పుట్టాడు. 1839లో న్యూజీలాండ్ కంపెనీ అతన్ని డ్రాఫ్ట్స్‌మన్‌గా చేర్చుకుని 'టోరీ' అనే ఓడ ఎక్కించింది. ఆ కంపెనీ వ్యాపారం ఏమిటయ్యా అంటే, మావోరీల దగ్గర భూమి కారుచౌకగా కొని, ఇంగ్లండులో ప్లాట్ల లెక్కన అమ్ముకోవడం. కంటితో చూడని భూమిని ఎవరు కొంటారు? అక్కడే కుంచె అక్కరకొచ్చింది. ఆకాశాన్నంటే కౌరీ వృక్షాలు, మంచు కప్పుకున్న ఎగ్‌మాంట్ శిఖరం, ప్రశాంతమైన రేవులు – ఇవన్నీ హీఫీ నీటిరంగుల్లో దించాడు. కంపెనీ వాటిని లండన్‌లో అచ్చొత్తించి ప్రచారానికి వాడుకుంది. బొమ్మలు నిజంగా అందమైనవే. కానీ "రండి, ఇదంతా మీకోసమే" అని పిలుస్తున్నట్టుంటాయి.

1846లో అతను, బ్రన్నర్ అనే సర్వేయరు కలిసి దక్షిణ దీవి పడమటి తీరం వెంట నడిచారు. ఇవాళ అక్కడ 78 కిలోమీటర్ల కాలిబాటకు హీఫీ పేరే ఉంది. దారి చూపినవాడు మాత్రం కేహూ అనే మావోరీ. మనం కర్నల్ మెకంజీని తలుచుకుని కావలి బొర్రయ్యను మరిచిపోవడం లాంటిదే ఇదీనూ!

1863లో వైకాటో మావోరీలపై బ్రిటిష్ సైన్యం యుద్ధానికి దిగింది. 1864 ఫిబ్రవరి 11న వైయారీ దగ్గర, ఆక్లండ్ మిలీషియాలో మేజరుగా ఉన్న హీఫీ, తనకు మూడు చోట్ల గాయాలైనా లెక్కచెయ్యక గాయపడ్డ సైనికులకు సాయం చేశాడు. అందుకు 1867లో విక్టోరియా క్రాస్ ఇచ్చారు. వలస మిలీషియాలో ఆ పతకం అందుకున్న మొదటివాడు ఇతనే. ఆ సాహసాన్ని నేను కాదనను. అయితే యుద్ధం ముగిశాక సర్కారు వైకాటోలో సుమారు 12 లక్షల ఎకరాలు జప్తు చేసింది. ఆ జప్తు భూములు కొలిపించే సర్వే పనికి పెద్ద ఎవరనుకున్నారు? మన హీఫీయే!

1867లోనే పార్నెల్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1869లో మావోరీలకు మిగిలిన రిజర్వు భూముల కమిషనరు, 1878లో వాళ్ళ భూముల కోర్టుకు జడ్జి. 1881లో బ్రిస్బేన్‌లో కన్నుమూశాడు. 1960 దాకా అతని సమాధికి గుర్తురాయి కూడా లేదు.

జప్తు జరిగి నూట ముప్పయి ఏళ్ళు గడిచాక, 1995లో, బ్రిటిష్ రాణి స్వయంగా సంతకం చేసిన చట్టం ద్వారా వైకాటో ప్రజలకు క్షమాపణ చెప్పారు.

మిత్రులారా! హీఫీ దుర్మార్గుడని నేననను. కళా ఉంది, ధైర్యమూ ఉంది. ఆ రెండూ ఎవరి పనికి వచ్చాయన్నదే ప్రశ్న. రేపు మనలో కొందరు సర్వేయర్లవుతారు, కొందరు ఆఫీసర్లు, కొందరు ఎమ్మెల్యేలూ కావచ్చు. అందమైన భూమి బొమ్మ ఎవరైనా చూపిస్తే, "అక్కడ ముందునుంచీ ఉంటున్నవాళ్ళెవరు?" అని ఒక్కమాట అడుగుదాం.